ప్రధానోపాధ్యాయురాలిని చూసి బడిని అంచనా వేశాను

విశాఖలో సముద్రానికి దగ్గరగా, జాలరిపేటల పిల్లలు ఎక్కువగా చదివే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మా అబ్బాయి ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదువుకున్నాడు. పిల్లలను ఏ బడిలో చేర్చాలా అని తర్జనభర్జన పడుతున్న తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. భవనాల కంటే ప్రధానోపాధ్యాయురాలి రోజువారీ పని గురించే ఇందులో ఎక్కువగా చెబుతాను.

ఉదయం తొమ్మిదికి ముందే ఆమె గేటు దగ్గర నిలబడి ఉండేవారు. ప్రార్థన ముగియగానే సెలవులో ఉన్న ఉపాధ్యాయుల పీరియడ్లను మిగిలినవారికి సర్ది, ఎవరూ దొరకని తరగతికి తానే వెళ్లి లెక్కలు చెప్పేవారు. చేపలమ్మే తల్లులు తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకు వెళ్లిపోతే తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకుని వచ్చే ఆడపిల్లలకు ఆలస్యమవుతుందని ఆమెకు తెలుసు కనుక, వారిని బయట నిలబెట్టకుండా, తప్పిపోయిన పాఠాన్ని భోజన విరామం తర్వాత చెప్పించే ఏర్పాటు చేశారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఇంటికి రాబడి లేక ఏదో ఒక పనికి కుదిరిన పిల్లలు కొందరు అక్కడే ఉండిపోతారు. బడి తెరిచిన వారంలోనే ఆమె హాజరుపట్టీ పట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. నా దృష్టిలో ఆమె చేసిన పనులన్నింటిలో ఇదే పెద్దది.

మధ్యాహ్న భోజనాన్ని వడ్డనకు ముందు రోజూ రుచి చూసేవారు.

పదో తరగతి నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసే విద్యార్థుల వివరాలతో బడి పంపే జాబితా) విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ఉన్న పేరు, పుట్టిన తేదీలే మార్కుల మెమోలో అచ్చవుతాయి. ఆ తర్వాత తప్పు బయటపడితే బడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా కాగితం నడవాలి. వేరే బడిలో చదివిన మా పెద్దమ్మాయి మెమోలో ఇటువంటి తప్పే దొర్లితే నెలల తరబడి తిరిగాము. ఇక్కడ మాత్రం ఆమె ప్రతి విద్యార్థి తల్లినో తండ్రినో పిలిపించి, ప్రవేశ రిజిస్టరును, ఆధార్‌ను పక్కపక్కన పెట్టి, చదవడం రానివారికి తానే చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకున్నారు. మా అబ్బాయి ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నట్లు నాకు అప్పుడే తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. గుమాస్తా లేకపోవడంతో స్టడీ సర్టిఫికెట్‌కు నాలుగు రోజులు పట్టింది. హాజరు, భోజనం, మరుగుదొడ్ల వివరాలను ఆన్‌లైన్‌లో ఎక్కించే పని కూడా ఆమె మీదే పడటం వల్ల, తరగతి గదుల్లో కూర్చుని పాఠాలు పరిశీలించడానికి సమయం చాలేది కాదు. ఇది ఆమె తప్పు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక గుమాస్తాను ఇచ్చినా ఆ గంటలు పిల్లలకు దక్కుతాయి.

చేర్చదలచినవారు పదకొండు గంటల తర్వాత వెళ్తే ఆమె తీరికగా మాట్లాడతారు. టీసీ, ఆధార్, జనన ధ్రువపత్రం మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని వెళ్లండి.