మ్యూనిక్‌లో నికొలౌస్‌ని ఇంటికి పిలిపించాం: ఒక రివ్యూ

ముందు మైనస్ చెప్పేస్తాను. మా ఇంటికొచ్చిన నికొలౌస్ స్పోర్ట్స్ షూలు వేసుకొచ్చాడు. నెత్తిన బంగారు అంచుల బిషప్ టోపీ, చేతిలో ఆయనకంటే ఎత్తైన దండం, తెల్లటి అంగీ, దాని మీద ఎర్రటి పైవస్త్రం, తెల్ల గడ్డం, అన్నీ పక్కాగా ఉన్నాయి. అంగీ కింద నుంచి మాత్రం మూడు గీతల షూలు తొంగిచూస్తున్నాయి. మా పెద్దదానికి ఎనిమిదేళ్లు. దాని చూపు సరిగ్గా అక్కడే పడింది. ఇదొక్కటీ తీసేస్తే నాకు పెద్ద ఫిర్యాదుల్లేవు.

తెలియనివాళ్ల కోసం: డిసెంబర్ 6 పునీత నికోలాసు వారి పండుగ, ఆయన్నే ఇక్కడ నికొలౌస్ అంటారు. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊరికి ఆయన బిషప్. ఆ ఊరిప్పుడు టర్కీలో దెమ్రె పేరుతో ఉంది. ఇక్కడ జర్మనీలో ఆ రోజు సెలవేమీ ఉండదు. అయిదో తారీఖు రాత్రి పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం ముందు పెట్టి పడుకుంటారు. పొద్దున లేచేసరికి వాటినిండా చాక్లెట్లు, కమలాలు, పొట్టు తీయని అక్రోట్లు, వేయించిన వేరుశనక్కాయలు. కొన్ని ఇళ్లలో అంతటితో సరిపెట్టుకోరు, నికొలౌస్‌నే ఇంటికి పిలిపించుకుంటారు. చర్చి యువకులు, కాలేజీ కుర్రాళ్లు వేషం కట్టుకుని వస్తారు. దీన్నే వ్యాపారంగా చేసే ఏజెన్సీలూ ఉన్నాయి.

నేను విజయవాడ అమ్మాయిని. మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబం. పండగంటే నాకు గుణదల మేరీమాత కొండే. ఫిబ్రవరి 9, 10, 11 తారీఖుల్లో జనంలో నలుగుతూ మెట్లెక్కడం, కొబ్బరికాయ కొట్టడం, గుండు కొట్టించుకున్న పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, కిందకొచ్చాక బొమ్మల కొట్ల దగ్గర మా పేచీలు. పునీతుల పండగంటే ఊరంతా కలిసి చేసేదనే అనుకున్నా. హాల్లో సోఫా పక్కకి జరిపి, పావుగంటలో చేసే పండగ ఒకటుంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మొదటి ఏడాది తెలియక ఒక ఏజెన్సీని బుక్ చేశాం. పేరు వద్దులెండి. డెబ్బై అయిదు యూరోలు ముందే కట్టించుకుని నలభై నిమిషాలు లేటుగా వచ్చారు. వచ్చినాయన బిషప్ కానే కాదు, కుచ్చు టోపీ క్రిస్మస్ తాత! లోపలికి రాగానే "హో హో" అన్నాడు. పైగా చేతిలో కాగితాలు తారుమారై, మా పిల్లకి ఇంకెవరింటి పిల్లాడి చిట్టానో చదివాడు. "నువ్వు ఫుట్‌బాల్ ట్రైనింగ్‌కి ఎగ్గొట్టడం మానెయ్యాలి" అన్నాడు. అది జీవితంలో బంతి ముట్టుకోలేదు. అయినా భయపడి సరేనంది, పాపం.

నికొలౌస్‌కీ క్రిస్మస్ తాతకీ తేడా ఏంటి అనేవాళ్లుంటారు. నాకైతే మొత్తం తేడా అక్కడే ఉంది. ఇక్కడి కాథలిక్కులకీ ఈ బాధ ఉన్నట్టుంది. బోనిఫాట్సియుస్‌వెర్క్ అనే కాథలిక్ సంస్థ 'క్రిస్మస్ తాతకి ప్రవేశం లేదు' అని ఏకంగా ప్రచారమే నడిపింది. బిషప్ టోపీ, దండం ఉన్న చాక్లెట్ నికొలౌస్‌లనీ అమ్ముతుంది. సూపర్ మార్కెట్లో దొరికేవి చాలావరకు కుచ్చు టోపీలవే, రేపర్ మీద నికొలౌస్ అనే రాసున్నా సరే. నేను రెండు కొట్లు తిరిగి, చివరికి మా చర్చి బల్ల మీద టోపీ, దండం ఉన్నవి తెచ్చుకున్నాను.

పోయినేడు మా పేటలోని చర్చి యువజన సంఘం వాళ్లని అడిగాం. ఈ రివ్యూ వాళ్ల గురించే. వాళ్లకి ఫీజు లేదు, కవర్లో చందా పెట్టాలి, 35 యూరోలు ఇస్తే బాగుంటుందన్నారు. ముందుగా ఒక పేజీ ఫారం పంపారు. పిల్లల పేర్లు, వయసులు, మెచ్చుకోవలసినవి రెండు మూడు, మార్చుకోవలసింది ఒకటి, పిల్లలు ఏం అప్పజెప్తారు, బహుమతుల సంచి ఎక్కడ దాస్తారు, క్రాంపుస్ కావాలా వద్దా. క్రాంపుస్ అంటే కొమ్ములు, బొచ్చు తోలు, గంటలు కట్టుకుని నికొలౌస్ వెనకాల వచ్చే భూతం, ఈ బవేరియా, ఆస్ట్రియా వైపు మామూలే. చిన్నోడికి అయిదేళ్లు. వద్దని టిక్ పెట్టి, పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను.

అసలు పరీక్ష ఆ ఫారమే. 'మార్చుకోవలసింది ఒకటి' అని స్పష్టంగా రాసున్న చోట నేను ఏడు రాశాను. లెక్కల్లో తొందరపాటు, పప్పన్నం తినదు, తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు, ఇలా ఆ గడి నిండిపోయింది. మెచ్చుకోలు గడిలో మాత్రం 'మంచి అమ్మాయి' అని ఒక్క ముక్క. రెండ్రోజులకి సంఘం చూసే పెద్దావిడ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా, "ఇవి మీరు రోజూ చెప్పేవే కదా, మళ్లీ నికొలౌస్ చేత ఎందుకు చెప్పించడం? ఇంట్లో మీరు తప్ప ఇంకెవరూ చూడనిది ఏదన్నా రాయండి" అంది. పేరెంట్స్ మీటింగ్‌లో మన ప్రోగ్రెస్ కార్డు మనకే ఇచ్చినట్టయింది. మా ఆయన పక్కన కూర్చుని నవ్వాపుకోలేకపోయాడు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. క్లాసులో కొత్తగా చేరిన, భాష రాని పిల్ల పక్కన మా పెద్దది రోజూ కూర్చుని బొమ్మలు గీసి చూపిస్తోంది. మార్చుకోవలసింది: తమ్ముడు పజిల్ పెడుతుంటే ఒక ముక్క దాచేసి, చివరికి తానే పెట్టి 'అయిపోయింది' అంటుంది. అంతే రాశాం.

మా అమ్మ ఆ డిసెంబర్‌లో మా దగ్గరే ఉంది. డిసెంబర్లో ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి హంగామాకి మంచి టైమే. అయిదున్నర నుంచి ఆరు మధ్య అన్నారు, అయిదూ యాభైకి బయట చిన్న గంట మోగింది. తలుపు తీస్తే బిషప్. పిల్లలు కొయ్యబారిపోయారు. మా అమ్మ మాత్రం లేచి, కొంగు నెత్తిన కప్పుకుని, ఎదురెళ్లి, ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఉంగరం ముద్దు పెట్టుకుంది! మన దగ్గర మేత్రాణులు, అంటే బిషప్పులు వస్తే పెద్దవాళ్లు చేసేది అదేగా. తెల్ల గ్లోవు మీద ప్లాస్టిక్ ఎర్ర రాయి ఉంగరం అది. గడ్డం పక్కన ఆ కుర్రాడి చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఒక్క క్షణం తడబడి, "గ్రూస్ గాట్" అని ఇక్కడి పద్ధతిలో నమస్కారం చెబుతూ మా అమ్మకంటే ఎక్కువ వంగాడు. టోపీ జారబోతే దండంతోనే ఆపుకున్నాడు. ఏ ట్రైనింగ్‌లో నేర్పారో గానీ, దానికే అయిదు స్టార్లు ఇచ్చెయ్యొచ్చు.

తర్వాత బంగారు అట్ట వేసిన పెద్ద పుస్తకం తెరిచి, నిదానంగా, పేరు సరిగ్గా పలికి చదివాడు. కొత్త పిల్ల సంగతి రాగానే పెద్దది నా వైపు చూసింది, నీకెలా తెలుసన్నట్టు. పజిల్ ముక్క మాట వచ్చినప్పుడు షూల వైపు చూస్తూ ఉండిపోయింది. చిన్నోడు జర్మన్ పద్యం అప్పజెప్పాలి, రెండో లైన్లో ఆగిపోయాడు. ఆగి, వాళ్ల అమ్మమ్మ నేర్పిన "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" మొదలెట్టి, ఊపిరి తీసుకోకుండా ఆమెన్ దాకా లాగించాడు. నికొలౌస్‌కి ఒక్క ముక్క అర్థమై ఉండదు. చివరి ఆమెన్ మాత్రం వాడితో కలిపి గట్టిగా అన్నాడు.

కథ కూడా చెప్పాడు, ముగ్గురు ఆడపిల్లల కథ. పెళ్లికి డబ్బులేని తండ్రి ఇంట్లోకి నికోలాసు రాత్రిపూట కిటికీలోంచి బంగారం విసిరి, ఎవరికీ కనపడకుండా వెళ్లిపోయాడని. ఆయన వెళ్లాక మా అమ్మ దాన్నే తెలుగులో చెప్పింది: "కట్నం లేక పెళ్లి కాని పిల్లలు." కట్నం అంటే ఏంటని పెద్దది. నేను సందేహిస్తుంటే మా అమ్మే, "పెళ్లి చేసుకోడానికి మగపిల్లాడికి డబ్బివ్వడం" అంది. "ఎందుకు? వాడేమన్నా పేదవాడా?" అని ఇది. మా ఆయన వంటింట్లోకి జారుకున్నాడు. పునీతుల పండగలో ఈ చాప్టర్ వస్తుందని ఫారంలో ఎక్కడా లేదు, మీరు ముందే సిద్ధపడండి.

ఇక చిన్న చిన్న విషయాలు. సంచి మెట్ల కింద పెట్టమన్నారు, పేర్లు పెద్ద అక్షరాల్లో రాయాలి. ఫొటోలకి రెండు నిమిషాలే ఇస్తారు. గడ్డం దగ్గర్నుంచి జూమ్ చేయకపోవడమే మంచిది, చెవి వెనక ఎలాస్టిక్ కనిపిస్తుంది. ఆయన తెచ్చిన పొట్లంలో వేరుశనక్కాయలు చూసి మా అమ్మ, "ఇంత దూరమొచ్చి శనక్కాయలా!" అని నవ్వింది గానీ, సగం ఒలిచింది ఆవిడే. వచ్చినవాడు ఇంజనీరింగ్ చదివే కుర్రాడని తర్వాత చెప్పాను. "అయితే ఏం, టోపీ పెట్టుకున్నాడుగా" అంది.

రెండ్రోజులకి చిన్నోడు పజిల్ పెడుతుంటే పెద్దది మేజోళ్ల సొరుగులోంచి ఒక ముక్క తెచ్చి వాడి ముందు పడేసి వెళ్లిపోయింది. తర్వాతి వారానికి మళ్లీ ఇంకో ముక్క మాయమైంది. గ్యారంటీ ఏమీ లేదన్నమాట.

నవంబర్ మొదట్లోనే బుక్ చేసుకోండి, అయిదో తారీఖు సాయంత్రం టైమ్‌లు ముందే అయిపోతాయి. మేం ఈ ఏటికి ఫారం పంపేశాం. మెచ్చుకోలు గడి నిండింది, మార్చుకోవలసింది ఒకటే రాశాను. అడుగున 'ఇతర సూచనలు' అని ఉన్నచోట: దయచేసి నల్ల బూట్లు.