ఏడేళ్ల మిక్సీ, మూడు కప్లర్లు

మిక్సీ అనగానే అందరూ అడిగేది ఒకటే: ‘ఏ కంపెనీ?’ పేరు చెబితే సగం మంది ‘దానికి తిరుగులేదు’ అంటారు, తక్కినవాళ్లు ‘ఇదివరకటిలా లేదు’ అంటారు. అడుగున ఏముందో చూసి చెప్పేవాళ్లు తక్కువ. మిక్సీల కంపెనీ ప్రీతిని 2011లో ఫిలిప్స్ కొంది, బటర్‌ఫ్లై 2022లో క్రాంప్టన్ చేతికి వెళ్లింది. యజమానులు మారినా మనం పేరు పట్టుకునే వాదించుకుంటున్నాం. అందుకే ఈ 750 వాట్ల మిక్సీ పేరు రాయడం లేదు. ఏడేళ్లుగా రోజూ తిరుగుతోంది, అంతే. జార్లు ఎన్ని, స్పీడ్‌లు ఎన్ని అన్నది డబ్బా మీదే ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది అందరూ తిట్టే భాగం: మోటారు నెత్తిన ఉండి, దాని తిరుగుడును జార్ బ్లేడుకి అందించే పళ్ల చక్రం, కప్లర్. ‘ఇంత డబ్బు పోస్తే రబ్బరు ముక్క పెట్టాడు’ అంటారు. జార్‌లో ఏదైనా ఇరుక్కుని బ్లేడు ఆగిందంటే, నిమిషానికి వేల చుట్లు తిరిగే మోటారు ఒక్క దెబ్బకి ఆగాలి. ఆ దెబ్బ కప్లర్ పళ్లు తింటే వంద రూపాయల లోపు తేలిపోతుంది. అవి గట్టిగా నిలబడితే మోటారు ఇరుసో (షాఫ్టు), లోపల తిరిగే తీగచుట్టో (ఆర్మేచర్) తింటుంది. అరిగిపోతోందని మెటల్ కప్లర్ వేయించుకునేవాళ్లు ఫ్యూజులో తీగకు బదులు మేకు పెట్టినట్టే.

రెండో కప్లర్ పసుపుకొమ్ములకు బలైంది. రోట్లో నలగ్గొట్టకుండా అలాగే చిన్న జార్‌లో పోసి, పల్స్ ఇవ్వకుండా (ఆపి ఆపి తిప్పకుండా) నేరుగా మూడో స్పీడ్ పెడితే ఒక కొమ్ము బ్లేడు కింద చిక్కుకుంది. మోటారు ఒక్కసారి హోరెత్తింది, జార్‌లో చలనం లేదు. ఇలా మోటారు తేలిగ్గా, మామూలుకన్నా గట్టిగా అరుస్తూ బ్లేడు తిరక్కపోతే కప్లర్ పోయినట్టే. జార్ తీస్తే నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంది. మూలుగుతూ తిరక్కపోతే తప్పు జార్‌ది, బ్లేడు బిగుసుకుంది. అసలు శబ్దమే రాకపోతే రిపేరు షాపుకు పరిగెత్తకండి. స్విచ్ ఆపి, అయిదు పది నిమిషాలు చల్లారనిచ్చి, అడుగునున్న ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ నొక్కండి. అప్పటికీ రాకపోతే మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు చూడాలి.

కప్లర్ మార్చడం ఇంట్లో అయ్యే పనే, కానీ కప్లర్‌ను షాఫ్టుకి బిగించే మర (స్క్రూ చుట్లు) దగ్గర చాలామంది పాడుచేస్తారు. మోటారు ఎటు తిరుగుతుందో ముందే ఖాళీగా ఒక క్షణం తిప్పి చూసుకుని, తర్వాత ప్లగ్ పీకేయాలి. అడుగు మూత విప్పితే చాలా మోడళ్లలో షాఫ్టు కింది కొసన స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకుని, కప్లర్‌ను మోటారు తిరిగే వైపుకే తిప్పాలి. ఎదురు తిప్పితే ఇంకా బిగుస్తుంది. షాపుకు పాతది పట్టుకెళ్లండి. పళ్లు సరిపోయినా మర సరిపోకపోవచ్చు. జార్ కిందున్న జోడీ కూడా అరిగి ఉంటే రెండూ ఒకేసారి మార్చాలి, లేకపోతే పాత పళ్లు కొత్తవాటిని తొందరగా తినేస్తాయి.

కొన్న కొత్తలో చట్నీ జార్‌ను తెగ మెచ్చుకున్నాను. పచ్చడి ఇప్పటికీ మెత్తగానే వస్తుంది కానీ, ఆ జార్ బుష్ (అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే గొట్టం) రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. బుష్ అరిగితే బ్లేడు పట్టుకుని ఊపినప్పుడు పక్కలకి ఆడుతుంది, కొబ్బరి పచ్చడిలో నల్లటి చార కనిపిస్తుంది. జార్‌లో నీళ్లు పోసి అరగంట పొడి కాగితం మీద పెట్టండి. కాగితం తడిసిందంటే ఆ నీరు రోజూ కప్లర్ సందులోంచి మోటారు పై బేరింగ్‌లోకి దిగుతోందన్నమాట. బేరింగ్ తుప్పు పట్టాక మోటారు రొద పెరుగుతుంది, కాలిందంటారు. నింద మాత్రం కంపెనీకి.

అలాగని పేరుకు విలువే లేదనను. మీ ఊళ్లో స్పేర్‌పార్ట్స్ షాపువాడి డబ్బాలో ఏ కంపెనీ కప్లర్లూ బుష్‌లూ ఎప్పుడూ ఉంటాయో, మీకు మంచి కంపెనీ అదే. కొనేముందు అతణ్ని అడగండి.

మా ఇంట్లో నలుగురం, ఇడ్లీ పిండి గ్రైండర్‌లోనే రుబ్బుతాం. కాబట్టి ఈ మిక్సీ ఏడేళ్లు నిలవడంలో దాని గొప్ప ఎంతో, మా వాడకం గొప్ప ఎంతో విడదీసి చెప్పలేను. మినప్పప్పు కూడా రోజూ ఇందులోనే రుబ్బేవాళ్లకు పిండి వేడెక్కుతుంది, ఇది సరిపోకపోవచ్చు. అమెరికా పట్టుకెళ్లేవాళ్లు మాత్రం మన 230 వోల్టులది వద్దనుకోండి. అక్కడి 120 వోల్టులకి నీరసంగా తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మోయాలి. అక్కడికని అమ్మే 110 వోల్టుల మోడల్ తీసుకుని, సూట్‌కేసులో బట్టల మధ్య రెండు కప్లర్లు, ఒక బుష్ సెట్టు పడేసుకోండి.