తిరుపతిలో బేకింగ్ సామాన్లు కొనేవాళ్లు ఒకసారి చదవండి: షాపువాళ్లు కట్టిన ఈస్ట్ కవర్లతో జాగ్రత్త

తిరుపతిలో ఇంట్లో బ్రెడ్, బన్‌లు చేసుకునేవాళ్ల కోసం రాస్తున్నా. పెద్ద డబ్బా విప్పి, చిన్న కవర్లలో పోసి, పైన స్టిక్కర్ అంటించి అమ్మే ఈస్ట్ (పిండిని పొంగించే సూక్ష్మజీవుల పొడి) దయచేసి కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే పిండిలో కలపకముందు పరీక్ష చేసుకోండి. నాకు కిలో పిండి, రెండు రోజుల కష్టం పోయాయి. డబ్బు కంటే బాధేంటంటే, ఆ రెండు రోజులూ తప్పు నా చేతిలోనే ఉందనుకున్నాను.

మా అన్న కూతురు అమెరికా నుంచి దర్శనానికి వచ్చింది. ఇడ్లీ, పొంగలి ఇష్టంగానే తింటుంది కానీ, అక్కడ పొద్దున్నే తినే బేగెల్ ఒక్కసారి ఇంట్లో చేద్దాం అత్తా అని అడిగింది. తెలియనివాళ్లకి చెప్తున్నా, చూడటానికి పెద్ద గారెలా మధ్యలో చిల్లు ఉంటుంది కానీ నూనెలో వేయించరు. ఈస్ట్‌తో పొంగించిన పిండిని చుట్టి, ముందు మరిగే నీళ్లలో వేసి తీసి, ఆ తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు. పోలండ్ యూదుల వంట, వాళ్లతోపాటే న్యూయార్క్ చేరింది. నీళ్లలో వేసి తీయడం వల్లే పైపొర గట్టిగా మెరుస్తుంది, లోపల నమిలితే సాగుతుంది. ఆ సాగుడు రావాలంటే మామూలు మైదా కంటే ప్రోటీన్ ఎక్కువున్న బ్రెడ్ ఫ్లోర్ అయితే మంచిది, ఈస్ట్ మాత్రం ఖచ్చితంగా బతికుండాలి.

ఊళ్లోనే ఒక షాపులో కిలో బ్రెడ్ ఫ్లోర్ 150, వంద గ్రాముల ఈస్ట్ 110 పెట్టి తెచ్చాను. రెండూ కంపెనీ ప్యాకెట్లు కావు, పిన్ను కొట్టిన పల్చటి కవర్లు. స్టిక్కర్ మీద ఉత్త 'ఈస్ట్' అని ఉంది, అది యాక్టివ్ డ్రై ఈస్టో ఇన్‌స్టంట్ ఈస్టో రాయలేదు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఇన్‌స్టంట్ అయితే నేరుగా పిండిలో కలిపేయొచ్చు, యాక్టివ్ డ్రై అయితే ముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. అడిగితే "ఏదైనా ఒకటేనక్కా, అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నాడు. అక్కడే ఆగి ఉండాల్సింది.

మొదటి రోజు అరకిలో పిండి కలిపి రెండు గంటలు పెట్టినా కదల్లేదు. బయట ఎండ మండిపోతోంది, ఈ వేడికి దోసెల పిండి కొన్ని గంటల్లోనే గిన్నె దాటి పొర్లుతుంది, అలాంటిది ఈ ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్లు వేడి ఎక్కువై ఈస్ట్ చచ్చిపోయిందేమో అనుకుని, మర్నాడు మిగతా దాదాపు అరకిలోలో చేయి పెడితే సుఖంగా ఉండేంత వెచ్చటి నీళ్లు పోసి, ఈస్ట్ రెట్టింపు వేసి మళ్లీ కలిపాను. కాస్త కూడా పొంగలేదు, అయినా పిల్ల ఆశగా చూస్తోందని చుట్టేసి మరిగే నీళ్లలో వేశాను. బాగా పొంగిన బేగెల్ వేయగానే పైకి తేలాలి. నావి గిన్నె అడుక్కి పోయి అంటుకున్నాయి. గరిటెతో లేపితే కింద తోలు ఊడొచ్చింది, నీళ్లు గంజిలా తెల్లబడ్డాయి. ఓవెన్‌లో పెట్టి తీస్తే కత్తి దిగలేదు.

అప్పుడు చేశాను మొదటే చేయాల్సిన పని. అర కప్పు గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా చక్కెర, రెండు చెంచాల ఈస్ట్ గాజు గ్లాసులో కలిపి పెట్టాను. బతికున్న ఈస్ట్ అయితే పది నిమిషాల్లో పైన నురగ మందంగా లేస్తుంది, వాసన కూడా తెలుస్తుంది. ఇది అరగంటైనా గసగసాల్లా అడుగునే పడుంది, ఒక్క బుడగ లేదు. కవరు చేతిలోకి తీసుకుంటే నా తడి వేళ్లకి స్టిక్కర్ అంచు లేచింది, లాగితే దాని కింద ఇంకో స్టిక్కర్! కింద దాని మీద ప్యాకింగ్ తేదీ పద్నాలుగు నెలల కిందటిది, పైన దాని మీద పోయిన నెలది. గాలి, తేమ, వేడి, ఈ మూడూ ఈస్ట్‌కి శత్రువులు. ఒకసారి విప్పాక గాలి తగలని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అలాంటిది పిన్ను కొట్టిన కవర్లో, ఏసీ లేని షాపులో, మన తిరుపతి ఎండల్లో అన్ని నెలలు పెడితే ఏం మిగులుతుంది?

పిండి మీద కూడా అనుమానం వచ్చి, అడుగున మిగిలిన గుప్పెడు పిండినీ ఇంట్లో ఉన్న మామూలు మైదానీ సమానంగా తూచి, విడివిడిగా ముద్దలు చేసి, అరగంట నీళ్లలో ఉంచి, కుళాయి కింద తెల్లనీళ్లు పోయేదాకా కడిగాను. అలా కడిగితే చివరికి రబ్బరులా సాగే గ్లూటెన్ అనే ప్రోటీన్ ముద్ద మాత్రమే మిగులుతుంది. బ్రెడ్ ఫ్లోర్‌ది పెద్దదిగా రావాలి కదా, రెండూ ఒకే సైజు వచ్చాయి. ల్యాబ్‌లో చూపించలేదు కాబట్టి మైదానే అమ్మారని గట్టిగా అనను, కానీ దానికి మైదా కంటే దాదాపు రెట్టింపు ధర పెట్టాను. ప్యాకెట్ కొంటే వెనక పట్టికలో వంద గ్రాములకి ప్రోటీన్ ఎంతో చూడండి, 12 గ్రాములైనా ఉంటే బేగెల్‌కి బాగుంటుంది. ఆ పట్టికే లేని కవరు మీద 'బ్రెడ్ ఫ్లోర్' అని ఏం రాసినా నమ్మకండి.

షాపుకి తీసుకెళ్లి రెండు స్టిక్కర్లూ చూపించాను. "మీకు చేయడం కుదర్లేదేమోనక్కా" అన్నాడు, తర్వాత గోడ మీది బోర్డు చూపించాడు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికొచ్చి కనుక్కుంటే, పాడైన సరుకు అమ్మి, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకుని డబ్బివ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుడు వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కాబట్టి వంద రూపాయల వస్తువైనా బిల్లు అడిగి తీసుకోండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కవరు మీద తయారీ తేదీ, గడువు తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్నాయో లేదో చూడండి, నా కవరు మీద ఆ నంబరే లేదు.

తర్వాత సీల్ ఉన్న చిన్న ఇన్‌స్టంట్ ఈస్ట్ ప్యాకెట్, కంపెనీ బ్రెడ్ ఫ్లోర్ తెచ్చి మళ్లీ చేశాను. అరకిలో పిండికి 290 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, చెంచాడు చక్కెర, 5 గ్రాముల ఈస్ట్. పిండి పూరీ పిండిలా గట్టిగా ఉంటుంది, పది నిమిషాలు బాగా మర్దించాలి. ఒక గంట పొంగనిచ్చి, ఎనిమిది చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున ఒకటి చన్నీళ్ల గిన్నెలో వేసి చూస్తే తేలింది. అప్పుడు బెల్లం కలిపిన మరిగే నీళ్లలో ఒక్కో వైపు ముప్పావు నిమిషం ఉంచి, నువ్వులు అద్ది, 220 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చాను. మా మేనకోడలు రెండు తిని, మూడోది ప్రయాణానికి కట్టించుకుంది.

అదే చెయ్యి, అదే ఓవెన్, అదే వంట. మారింది ఈస్ట్, పిండి మాత్రమే. ఈ మధ్య ఎవరైనా అలాంటి కవరు కొని ఇంట్లో పెట్టుకుని ఉంటే, ముందు స్టిక్కర్ అంచు గోటితో లేపి కింద ఇంకోటి ఉందేమో చూడండి, తర్వాత గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి పది నిమిషాలు ఆగండి. నురగ రాకపోతే కవరు పారేయొద్దు, బిల్లుతో కలిపి దాచి 1915కి ఫోన్ చేయండి.