సెకండ్ హ్యాండ్ రోడ్‌స్టర్‌ను మూడున్నరేండ్లు నడిపినంక చెప్తున్న, కొనేముందు ఇవి చూడుండ్రి

2022 జనవరిల తీస్కున్న నేను ఈ బండి. 2019 మోడల్, 650 సీసీ, ట్విన్ సిలిండర్, ఎయిర్ ఆయిల్ కూల్డ్, రెండు సైలెన్సర్ల రోడ్‌స్టర్, అంటే ప్లాస్టిక్ తొడుగు లేకుండ ఇంజన్ బయటికి కనవడే బండి. మీటర్ మీద అప్పుడు 14,200 ఉండె, ఇప్పుడు 52,600 దాటింది. అంటే 38 వేల పైచిలుకు నేనే తిప్పిన, నలగొండ నుంచి హైదరాబాద్‌కు వారానికోసారి పోయి రావుడు, సాగర్ రోడ్డు, దేవరకొండ, మిర్యాలగూడ, ఎండల వానల అన్నిట్ల. కంపెనీ పేరు ఇక్కడ రాస్తలేను, ఎందుకంటే నాకొచ్చిన తిప్పలు కంపెనీ తోటి వచ్చినయి కావు, ముందు నడిపినాయన సూసుకోక వచ్చినయి, నేను కొనేముందు సరిగ్గ చూడక వచ్చినయి. మీరు తీస్కునేది ఏ కంపెనీ రోడ్‌స్టర్ అయినా, 400 సీసీ అయినా 650 అయినా, చూడాల్సినయి దాదాపు ఇవే.

బండి పాలమూరుల దొరికింది, టీఎస్ 06 నంబర్. 1,85,000కు మాట్లాడుకున్నం. పొద్దుగాల పదింటికొస్త అని ముందురోజే ఫోన్ల చెప్పిన, నేను పోయేసరికి బండి ఇంటి ముందట తళతళ మెరుస్తున్నది, సెల్ఫ్ కొట్టంగనే స్టార్ట్ అయింది, సౌండ్ ఇనంగనే నా పాణం అండ్లనే పోయింది. ఇంజన్ మీద చెయ్యి వెడితే ఎచ్చగ ఉన్నది. అడిగితే అమ్మేటాయన ఎండల వెట్టినం కదన్నా అన్నడు, నేను నమ్మిన. ఎండకు ట్యాంకు కాల్తది, సీటు కాల్తది, కని సైలెన్సర్ ఇంజన్‌ల కలిసే పైపు కాడ లోపలి నుంచి వేడి రాదు కదా. నేను పోకముందే స్టార్ట్ చేసి పెట్టిండన్నమాట. మర్నాడు పొద్దున మా ఇంటికాడ చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే అప్పుడు తెలిసింది, రెండు మూడు నిమిషాలు టకటక టాపెట్ల (వాల్వులను నొక్కే ముక్కల) సౌండ్, ఐడ్లింగ్ (రేజ్ ఇయ్యకుండ ఇంజన్ తిరిగే స్పీడ్) ఒకసారి లేస్తది ఒకసారి పడిపోతది. అందుకే అందరికీ మొదట చెప్పే మాట ఇది, బండి చల్లగ ఉన్నప్పుడే చూస్తనని చెప్పి పోండ్రి, ఎచ్చగ ఉంటే గొడవ పడొద్దు, ఛాయ్ తాగి రెండు గంటలు ఆగుండ్రి, లేకుంటే ఇంకోరోజు పోండ్రి.

ట్విన్ సిలిండర్ బండ్లకు ఇంకొక పని ఉంటది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఒక నిమిషం అయినంక ఇంజన్ కాడి రెండు సైలెన్సర్ పైపుల మీద నీళ్ళు నాలుగు చుక్కలు చల్లండ్రి, రెండిటి మీదా ఒకే తీర్ల ఆవిరై పోవాలె. ఒకదాని మీద చుయ్యిమని ఎగిరిపోయి ఇంకోదాని మీద నీళ్ళు అట్లనే కారితే ఒక సిలిండర్ సరిగ్గ కొడ్తలేదు అని అర్థం, ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, ఇంకా పెద్దదా అనేది తర్వాత సంగతి. పొగ కూడా అప్పుడే చూడాలె. చలికాలం పొద్దున తెల్లగ కొంచెం వచ్చి ఆగిపోతే అది తేమ, భయం లేదు. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నది, ఆ బండి కాడ నిలవడొద్దు.

ఇగ నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించిన దాని గురించి చెప్తా, హ్యాండిల్ కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగేకాడ ఉండే బేరింగ్‌లు. బండి తీస్కొని జడ్చర్ల, కల్వకుర్తి మీదికెళ్ళి వస్తున్న, రోడ్డు సాఫ్‌గ ఉన్నది, స్పీడ్ 70 కూడా లేదు, బండి నేరుగ పోతలేదు, సన్నగ ఇటు కొంచెం అటు కొంచెం జరుగుతున్నది, నేను టైర్ల గాలి తక్కువున్నదేమో అనుకొని కల్వకుర్తిల గాలి చెక్ చేయించిన, గాలి సరిగ్గనే ఉన్నది. కొండమల్లేపల్లి దాటేదాక అట్లనే భయం భయంగ వచ్చిన. నలగొండల మా మెకానిక్ చాచా (ముప్పై ఏండ్ల సంది బండ్లు విప్పుతున్నడు) సెంటర్ స్టాండ్ వేసి, వెనుక ఒక మనిషిని కూసోవెట్టి ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ను రెండు వేళ్ళ తోటి మెల్లగ తిప్పుమన్నడు. నడిమధ్యల టక్కుమని ఒక గుంతల పడ్డట్టు ఆగుతున్నది. బండి నేరుగ పోయేటప్పుడు బేరింగ్ గుండ్లు ఎప్పుడూ అదే జాగల ఉంటయి కదా, గుంతల రోడ్ల మీద దెబ్బ మీద దెబ్బ పడి రేసుల (గుండ్లు తిరిగే రింగుల) మీద అక్కడనే గుంతలు పడ్తయి, గ్రీజు ఎండిపోయి తుప్పు పడితే ఇంకా జల్ది పడ్తయి. మీరు చూసేటప్పుడు ఇది రెండు నిమిషాల పని. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివర దాక నూనెల తిరిగినట్టు తిరగాలె, నడుమ ఎక్కడా పట్టుకోవద్దు. తర్వాత ముందు షాకప్‌ల కింది భాగం పట్టుకొని ముందుకు వెనుకకు ఊపండ్రి, లోపల టకటక ఆడితే లూజు ఉన్నట్టు. ఊకె బిగించి ఇస్తా అంటే ఒప్పుకోవద్దు, గుంతలు పడ్డ రేసును ఎంత బిగించినా అదే గుంతల ఆగుతది, మార్చుడే. నాకు సామాను, కూలి కలిపి 2,500 అయింది, పైసలు పెద్దయి కాదు, కని ఆ బండిని అట్ల ఇంకో నెల హైవే మీద నడిపి ఉంటే ఏమయ్యేదో.

టైర్ల సంగతి నాకు కోపం తెప్పించింది నిజంగ. వెనుక టైర్‌కు గాట్లు నిండుగ ఉన్నయి, కొత్త టైర్ ఏసినం అని చెప్పిండు. జూన్‌ల మొదటి వాన పడ్డరోజు నార్కట్‌పల్లి కాడ బ్రేక్ పట్టంగనే వెనుక చక్రం పక్కకు జరిగింది, ఏబీఎస్ (బ్రేక్ పడితే చక్రం జామ్ కాకుండ చూసేది) ఉండబట్టి, స్పీడ్ తక్కువుండబట్టి బచాయించిన. ఇంటికొచ్చి టైర్ పక్కన గుండ్రటి గీత లోపల ఉండే నాలుగు అంకెలు చూసిన, 4817. అంటే 2017ల 48వ వారం తయారైన టైరు. బండేమో 2019ది! బండి పుట్టకముందు టైరు ఎట్లొస్తది, ఎక్కడిదో పాతది తెచ్చి ఎక్కిచ్చిండు. గోరు తోటి నొక్కితే రాయి తీర్ల ఉన్నది. గాట్లు చూసి మోసపోవద్దు, మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండంకెలు సంవత్సరం, ఐదేండ్లు దాటిన టైరుంటే రెండు టైర్ల ధర బేరంల తగ్గించుకోండ్రి. పెద్ద బండ్లకు టైర్లు అగ్గువ కాదు, నాకు జత 13,000 అయినయి.

దాని తోటే ఇంకొకటి, పుల్లల (స్పోక్) చక్రం ఉన్న రోడ్‌స్టర్లు చానా వరకు ట్యూబ్ టైర్లే. దేవరకొండ రోడ్డు మీద రాత్రి ఎనిమిదింటికి వెనుక పంచర్ అయితే రెండు వందల కిలోల బండి నూకుడు ఎట్లుంటదో నేను అనుభవించిన. కొనేటప్పుడు ఒక్కొక్క పుల్లను చిన్న స్పానర్ తోటి కొట్టి ఇనండ్రి, టింగ్ టింగ్ అని ఒకే తీర్ల పలకాలె, మొద్దుగ పలికినకాడ పుల్ల లూజు. చక్రం తిప్పి అంచు ఊగుతున్నదా చూడండ్రి.

చైన్ స్పాకెట్ (చైన్ తిప్పే పండ్ల చక్రం) చూసుడు అందరికీ తెలుసనుకుంట గానీ చానా మంది చైన్ కిందకు ఎంత వేలాడుతున్నదో ఒక్కటే చూస్తరు, అది బిగిస్తే పోతది. వెనుక స్పాకెట్ వెనుక అంచు నడిమి కాడ చైన్‌ను పట్టుకొని వెనుకకు గుంజండ్రి, పండ్లు సగం కనవడితే చైన్ అయిపోయినట్టే. పండ్లు కొడవలి తీర్ల ఒకదిక్కు వంగి ఉన్నా అంతే. నా బండికి రెండూ ఉండె, మార్చేసరికి 7,500 అయినయి.

రోడ్‌స్టర్ల మంచి సంగతి ఏందంటే ఫెయిరింగ్ (ప్లాస్టిక్ తొడుగు) ఉండదు, ఇంజన్, ఫ్రేమ్, పైపులు అన్నీ బయటనే ఉంటయి. బండి పడ్డదా లేదా అనేది కొత్త పెయింట్ తోటి దాచలేరు. హ్యాండిల్ చివర గుండ్లు, క్లచ్ లివర్ మూతి, ఫుట్ రెస్ట్ కొసలు, సైలెన్సర్ కింది భాగం, ఇంజన్ కేసింగ్ అంచు, ఇవన్నీ ఒక్కదిక్కే గీకి ఉంటే ఆ దిక్కు పడ్డది. రెండు లివర్లల్ల ఒకటే కొత్తగ ఉన్నా అదే లెక్క. నిలవడ్డప్పుడు పడుడు వేరు, కొట్టుకొని పడుడు వేరు, అది తెలుసుకోవాల్నంటే హ్యాండిల్‌ను ఒక చివరి దాక తిప్పితే ఫ్రేమ్‌కు తగిలి ఆగే చిన్న దిమ్మ ఉంటది చూడండ్రి, అది నలిగినా, వంగినా, కొత్తగ వెల్డింగ్ కనవడినా ఆ బండి గట్టిగ తగిలిందే. నేరుగ పోతున్నప్పుడు హ్యాండిల్ కొంచెం ఒకదిక్కు వంకరగ పట్టుకోవాల్సి వస్తే షాకప్‌లనో, ఫ్రేమ్‌లనో తేడా ఉన్నది. ముందు షాకప్ రాడ్ల మీద వేలు రాస్తే ఆయిల్ అంటిందంటే సీల్ పోయింది, సీల్ మారిస్తే పోతది, కని రాడ్ మీద తుప్పు చుక్కలు గోరుకు తగిలితే కొత్త సీల్ కూడా ఆరు నెలల్ల మళ్ళ పోతది. నాది ఒకదిక్కు ఇట్లనే ఉన్నది, ఇప్పటికి రెండుసార్లు సీళ్ళు మార్పిచ్చిన.

మన నలగొండ, పాలమూరు దిక్కు నీళ్ళ గురించి ఒక మాట. మన బోరు నీళ్ళు ఎట్లుంటయో మనకు కొత్తగ చెప్పే పని లేదు. నా బండికి రేడియేటర్ లేదు కాబట్టి బతికిన, కని రేడియేటర్ ఉన్న రోడ్‌స్టర్ చూస్తుంటే కూలెంట్ డబ్బా మూత తీసి రంగు చూడండ్రి, పచ్చగనో, ఎర్రగనో, నీలంగనో కంపెనీ కూలెంట్ రంగు ఉండాలె. తెల్లగ నీళ్ళ తీర్ల ఉన్నా, తుప్పు రంగున్నా బోరు నీళ్ళు పోసి నడిపిన బండి అది, లోపల సున్నం పట్టి ఉంటది, మన మే నెల ఎండల ట్రాఫిక్‌ల నిలవడితే ఫ్యాన్ ఎంత తిరిగినా వేడి దిగదు. ఆయిల్ చూసే అద్దంల పాలు కలిపిన ఛాయ్ రంగు కనవడితే ఆయిల్ల నీళ్ళు కలిసినట్టు, అది ఎంత అగ్గువకు ఇచ్చినా వద్దు.

ఎన్ని రోజులు నిలవెట్టిన్రు అనేది తప్పకుండ అడుగుండ్రి. ఇట్లాంటి బండ్లు చానా మంది సోకుకు కొని ఆదివారం కూడా తియ్యకుండ పెడ్తరు, తక్కువ తిరిగింది అని ఎక్కువ ధర చెప్తరు. ఇప్పుడు బంకులల్ల వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది తేమను గుంజుకుంటది, సగం ట్యాంకు తోటి నెలలకు నెలలు నిలవెడితే ట్యాంకు లోపల తుప్పు పడ్తది. ఫోన్ లైట్ వేసి ట్యాంకు లోపలికి చూడండ్రి. నన్నడిగితే రోజూ తిరిగి, టైముకు ఆయిల్ మార్చిన 30 వేల కిలోమీటర్ల బండి, రెండేండ్లు కవర్ కప్పి పెట్టిన 6 వేల బండి కన్నా నయం. బ్యాటరీ కూడా అంతే, పది రూపాయల పని, మల్టీమీటర్ వెడితే బండి ఆఫ్‌ల 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 14 వోల్టుల దగ్గర రావాలె, రాకపోతే చార్జింగ్ లోపం.

సీటు విప్పి వైర్లు చూడుండ్రి. ఎక్స్‌ట్రా లైట్లు, పెద్ద హారన్ ఏపిచ్చి, టేప్ చుట్టిన జాయింట్లు నాలుగైదు ఉంటే వానకాలం మీకు నిద్ర ఉండదు. పెద్ద సౌండ్ సైలెన్సర్ ఉంటే అసలుది ఇస్తెనే మాట్లాడుండ్రి, పోలీసోళ్ళు పట్టుకుంటే కట్టేది మీరు. తాళాలు రెండూ అడుగుండ్రి. తాళం తిప్పంగనే ఏబీఎస్ లైట్ వెలగాలె, బండి కదిలినంక ఆరిపోవాలె, మొదలు వెలగకపోతే ఎవరో దాన్ని కోసిన్రు.

కాగితాల కాడ నేను రెండు నెలలు తిరిగిన. ఆర్‌సీ మీద ఒక బ్యాంక్ పేరు ఉండె, లోన్ ఎప్పుడో కట్టేసిన అన్నడు, నిజమే కట్టిండు, కని హెచ్‌పీ (బండి మీద లోన్ ఉన్నదని ఆర్‌సీల ఉండే రాత) క్యాన్సిల్ చేపిచ్చుకోలేదు. ఫారం 35 మీద బ్యాంకోళ్ళ సంతకం, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) వచ్చేదాక ట్రాన్స్‌ఫర్ కాలేదు, ఆయనను బ్యాంక్‌కు పంపియ్యనీకె రోజూ ఫోన్ చేసుడే నా పనైంది. కాబట్టి మొత్తం పైసలు ఇయ్యకముందే ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌ల నంబర్ కొట్టి ఓనర్ పేరు ఆర్‌సీ తోటి కలుస్తున్నదా, ఫైనాన్స్ ఎక్కి ఉన్నదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాక అని చూడండ్రి, ఈ-చలాన్ సైట్‌ల చలాన్లు చూడండ్రి, ఫ్రేమ్ మీద కొట్టిన చాసిస్ నంబర్‌ను ఆర్‌సీ తోటి అక్షరం అక్షరం కలుపుకోండ్రి. గద్వాల, నారాయణపేట దిక్కోళ్ళకు కర్నూలు, రాయచూరు బండ్లు అగ్గువకు దొరుకుతయి, కని అక్కడి నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్ళ కట్టాలె, అది కలిపినంక అగ్గువనా కాదా లెక్కేసుకోండ్రి. ఇన్సూరెన్స్ మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) అమ్మినాయనదే, మీకు రాదు. బండి పేరు మారినంక 14 రోజుల్ల పాలసీ కూడా మీ పేరు మీద మార్పిచ్చుకోండ్రి.

కోన్ సెట్, చైన్, టైర్లు, బ్యాటరీ, సీళ్ళు, బ్రేక్ ప్యాడ్లు అన్నీ కలిపి మొదటి ఆర్నెల్లల్ల నాకు 31 వేలు దాటింది. అవన్నీ అయినంక మాత్రం బండి నన్ను ఒక్కసారి కూడా మధ్యల నిలవెట్టలేదు, మూడేండ్లు. టైముకు ఆయిల్, పది వేలకోసారి ఎనిమిది వాల్వుల టాపెట్లు, రెండేండ్లకోసారి బ్రేక్ ఆయిల్, అంతే. హైవేల 24, 25 మైలేజ్ ఇస్తది. సాగర్ గేట్లు ఎత్తినరోజు పెద్దవూర దాటినంక ఆ రోడ్డు మీద ఆరో గేర్ల ఆ రెండు సైలెన్సర్ల సౌండ్ ఇనుకుంట పోతుంటే ఖర్చైన పైసలు యాదికి రావు నాకు. పోయిన వారం చాచా మళ్ళ ముందు చక్రం లేపి చూసిండు, హ్యాండిల్ ఎక్కడా పట్టుకుంటలేదు, గ్రీజు ఒక్కటి కొత్తది పెట్టిండు. ఎడమదిక్కు షాకప్ రాడ్ మాత్రం ఈసారి మార్చేటట్టే ఉన్నది, దానికి పైసలు జమ చేస్తున్న.