సాఫ్ట్‌నరా, ఆర్వోనా, కుళాయి ఫిల్టరా: గార పట్టే నీళ్లకి ఏది మేలు?

సాఫ్ట్‌నర్ (నీళ్లలో గార కట్టించే కాల్షియం, మెగ్నీషియం తీసేసే మిషన్) పెట్టించినప్పట్నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "ఆల్రెడీ ఆర్వో ఉందిగా, మళ్లీ ఇదెందుకు?" అని, లేదా "కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్ సరిపోదా?" అని. చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకేసారి రాసి పడేస్తున్నా.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తా. బిగించిన రోజు సాయంత్రం టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం ఎంతో చూపేది) ముంచి చూస్తే సాఫ్ట్‌నర్‌కి ముందు 780, దాటాక 790. తగ్గాల్సింది పోయి పెరిగింది! బిగించినాయనకి ఫోన్ చేసి ఏకిపారేశా. ఆయన పాపం ఓపిగ్గా, "సార్, రెండు సీసాల్లో రెండు నీళ్లూ పోసి కాస్త సబ్బు తురుము వేసి ఊపండి, అప్పుడు తిట్టండి" అన్నాడు. ఊపితే పాత నీళ్లు మజ్జిగలా తెల్లబారి పైన తెట్టు కట్టాయి, కొత్త నీళ్ల సీసాలో మూత దాకా నురగే. ఫోన్ పెట్టేసి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

విషయం ఏంటంటే సాఫ్ట్‌నర్ నీళ్లలోని ఉప్పులన్నీ తీసేయదు, కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదుల్తుంది, అంతే. 40 గ్రాముల కాల్షియం పోతే 46 గ్రాముల సోడియం వస్తుంది, ఇంక టీడీఎస్ ఎలా తగ్గుద్ది? కాబట్టి టీడీఎస్ మీటర్ చూసి సాఫ్ట్‌నర్ కొనొద్దు, తిట్టొద్దు కూడా. కొలవాల్సింది హార్డ్‌నెస్, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో. చుక్కల కిట్ దొరుకుతుంది, మొదటి మందు వేసి నీళ్లు ఎర్రగా మారాక రెండో మందు ఒక్కో చుక్కా వేస్తూ నీలంగా తిరిగేదాకా లెక్కపెట్టుకోవడమే. లీటరుకి 180 మిల్లీగ్రాములు దాటితే బాగా హార్డ్ కిందే లెక్క. మాది 500.

ఆర్వో సంగతి వేరు. అది ఉప్పుల్ని చాలావరకు ఆపేస్తుంది, తాగడానికి బాగుంటుంది, కానీ ఇంటి ఆర్వోల్లో లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. తాగే పదిహేను లీటర్లకి పర్లేదు, స్నానాలకీ వాషింగ్ మెషీన్‌కీ గీజర్‌కీ దాన్నే వాడతానంటే కుదిరే పని కాదు. పైగా హార్డ్ నీళ్లు ఆర్వోకే శత్రువు, బయటికి పోయే వైపు కాల్షియం చిక్కబడి మెంబ్రేన్ (ఉప్పుల్ని ఆపే పొర) మీదే గార కట్టేస్తుంది. మాకు ఏడాది తిరక్కుండానే మెంబ్రేన్ పోయేది. ఇప్పుడు సాఫ్ట్‌నర్ దాటిన నీళ్లే ఆర్వోకి ఇస్తున్నాం, రెండేళ్లయినా అదే నడుస్తోంది. అంటే ఇవి ఒకదానికొకటి పోటీ కాదు, ఒకటి ఒంటికీ సామాన్లకీ, ఇంకోటి నోటికి.

ఇక నా దృష్టిలో అసలు తేల్చాల్సింది లీటర్ల లెక్క. కంపెనీ బ్రోచర్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. సాఫ్ట్‌నర్‌లో కాల్షియాన్ని పట్టుకునేవి రెజిన్ అనే చిన్న పూసలు, లీటరు రెజిన్ ఒకసారి ఉప్పు నీళ్లతో కడిగి రీఛార్జ్ చేస్తే సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. మా 500 నీళ్లకి అంటే లీటరు రెజిన్‌కి వంద లీటర్లు. ఇప్పుడు కుళాయికి తగిలించే ఫిల్టర్ చూడండి, అందులో మహా అయితే వంద మిల్లీలీటర్ల రెజిన్ పడుతుంది, పది లీటర్లతో దాని పని అయిపోయింది, ఒక్క బకెట్ కూడా నిండదు! నెలల తరబడి పనిచేస్తుందని డబ్బా మీద రాసుకుంటే రాసుకోనివ్వండి. మట్టి, క్లోరిన్ వాసన ఆపితే ఆపొచ్చు, గార మాత్రం ఆగదు.

మాది 25 లీటర్ల రెజిన్, రోజుకి 500 లీటర్ల వాడకం, లెక్క వేస్తే ఐదు రోజులు. ఐదో రోజు ఉప్పు నీళ్లతో కడగాలి, ఒకసారికి నాలుగు కిలోలకి దగ్గరగా ఉప్పు పడుతుంది. ఇక్కడే చాలా ఇళ్లల్లో కథ చెడుతుంది. కడగడానికి చేత్తో తిప్పే మాన్యువల్ వాల్వ్ చవక, నేనూ మొదట అదే తీసుకున్నా. మొదటి నెల శ్రద్ధగా తిప్పా, రెండో నెల ఆదివారం చూద్దాంలే అనుకున్నా, మూడో నెలకి స్టీలు బకెట్ అంచున తెల్ల గీత మళ్లీ తేలింది. రోజులు లెక్కపెట్టే టైమర్ వాల్వ్ కొంచెం నయం, కానీ ఊరెళ్లినా ఉప్పు తగలేస్తుంది, చుట్టాలొస్తే చాలదు. ఎన్ని లీటర్లు పోయాయో చూసుకుని తనే కడుక్కునే మీటర్ రకమే నా ఓటు, కొంచెం ఎక్కువైనా సరే. ఉప్పు డబ్బా మాత్రం మనమే నింపాలి, అది కూడా కుదరదంటే అసలు కొనకండి.

మిగతావి రెండు ముక్కల్లో. పైపుకి కట్టే అయస్కాంతాలు, వాటి మీద నాకు నమ్మకం లేదు, వదిలేయండి. ఫాస్ఫేట్ గుళికలు కాల్షియాన్ని తీయవు, అతుక్కోకుండా చూస్తాయి, అది కూడా నీళ్లు బాగా వేడెక్కితే పనిచేయదు కాబట్టి గీజర్‌కి పెద్దగా ఒరిగేదేం లేదు. ఉప్పు అక్కర్లేని కండిషనర్లు పైపుల్లో గార తగ్గిస్తాయి గానీ నురగ పెరగదు, సబ్బు ఖర్చు తగ్గదు.

ఇంకో మాట, సాఫ్ట్ చేసిన నీళ్లు నేరుగా తాగొద్దు, మా నీళ్లకైతే లీటరుకి అదనంగా 230 మిల్లీగ్రాముల సోడియం కలుస్తుంది, బీపీ ఉన్నవాళ్లకి అది తక్కువేం కాదు. ఆర్వో ఉంటే అదీ పోతుంది, లేకపోతే వంటింటి కుళాయికి సాఫ్ట్‌నర్ తగలకుండా వేరే పైపు వేయించండి. మొక్కల పైపు కూడా అటే కలిపేయమనండి, మేం కలపకుండా రెండు కుండీలు ఎండబెట్టుకున్నాం.