షుగరున్నవారి కంటికి మాత్రా, ఆకుకూరా: ఏది మేలు?

చెన్నైలోని మన తెలుగు ఇళ్లలో షుగరున్న పెద్దవారికి చూపు మసకబారితే రెండు సలహాలు వినిపిస్తాయి. విటమిన్ ఎ మాత్రలు వేసుకోమని ఒకరు, కోయంబేడు మార్కెట్ నుంచి పొన్నగంటి కూర, మునగాకు తెప్పించుకోమని ఇంకొకరు. నా ఓటు ఆకుకూరకే. మధుమేహంలో ఈ విటమిన్ నడిచే తీరే అందుకు కారణం.

విటమిన్ ఎ చాలావరకు కాలేయంలో నిల్వ ఉంటుంది. అక్కడి నుంచి దాన్ని రక్తంలోకి మోసుకువచ్చేది ఒక ప్రోటీన్. ఇన్సులిన్ కొరవడిన మధుమేహపు ఎలుకల కాలేయంలో విటమిన్ దండిగా ఉన్నా రక్తంలో తక్కువగా కనిపించింది. ఇన్సులిన్ ఇచ్చాక ఆ తేడా సర్దుకుంది. గోదాములో ధాన్యం నిండుగా ఉండి బండ్లు కదలకపోతే ఇంకో లోడు దించి ఏం లాభం? మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2లో తీరు వేరు. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనివారిలో ఆ ప్రోటీన్ మట్టమే ఎక్కువగా ఉండవచ్చని 2005లో వచ్చిన పరిశోధన చూపింది.

అంటే షుగరున్న ప్రతివారికీ ఈ విటమిన్ కొరత ఉందనుకోలేం. కాబట్టి లోపం ఉందని తేలకుండా మాత్ర వేసుకోవడం నాకు భయమే. మాత్రలోని రెటినాల్, అంటే తయారుగా ఉన్న విటమిన్ ఎ, పెద్దవారికి రోజుకు 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 యూనిట్లు దాటకూడదు. దాటితే ఎక్కువైంది ఒంట్లోనే పేరుకుని కాలేయాన్ని దెబ్బతీస్తుంది. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవారి రక్తంలో విటమిన్ ఎ ముందే పెరిగి ఉంటుంది. వారికి ఇది మరీ ప్రమాదం. గర్భిణులు డాక్టర్ చెప్పనిదే ముట్టుకోకూడదు.

ఆకుకూరలో ఉండేది బీటా కెరోటిన్. శరీరం అవసరం మేరకే దాన్ని విటమిన్‌గా మార్చుకుంటుంది, అందుకే తిండితో విషమయ్యే భయం లేదు. షుగరుందని నూనె చుక్క లేకుండా ఉడికించి తినేవారున్నారు. అలా తింటే కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. పొన్నగంటి పప్పులో చెంచాడు నూనెతో తాలింపు వేయండి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం పొటాషియం సంగతి డాక్టర్‌ను అడిగాకే తినాలి.

అయితే షుగర్ వల్ల రెటీనాలోని, అంటే కంటి వెనక పొరలోని, సన్నని రక్తనాళాలు దెబ్బతింటే మాత్రా, కూరా రెండూ బాగుచేయలేవు. ఆ జబ్బు మొదట్లో చూపు బాగానే ఉంటుంది. అందుకే ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఎగ్మూరులో 1819 నాటి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఈ నెల మాత్రలకు తీసిన డబ్బు ఆటోకు పెట్టి మీ నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లండి.