చిన్న బలాలకు ఎఫ్‌బీజీ సెన్సర్: ముందు థర్మామీటర్, తర్వాతే తూకం

ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (ఎఫ్‌బీజీ) అంటే గాజు ఫైబర్ లోపల ఒక్క తరంగదైర్ఘ్యపు వెలుతురునే వెనక్కి పంపే గీతల వరుస. ఫైబర్ సాగితే ఆ తరంగదైర్ఘ్యం, అంటే పీక్, జరుగుతుంది. ఈ గ్రేటింగ్, దాన్ని చదివే ఇంటరాగేటర్ కలిపి బలం కొలిచే సెట్‌గా అమ్ముతారు. ఎంఆర్ఐ లాంటి గట్టి అయస్కాంత క్షేత్రంలోనూ పనిచేయడం దీని గొప్ప. ఆ అవసరం లేనివాళ్లకు మామూలు స్ట్రెయిన్ గేజ్ లోడ్‌సెల్ చాలు, ఖర్చూ తక్కువ.

ముందు లెక్క చూడండి. 125 మైక్రాన్ల గాజు ఫైబర్‌ని 1 మిల్లీన్యూటన్‌తో లాగితే 1.1 మైక్రోస్ట్రెయిన్ వస్తుంది, అంటే పొడవులో పది లక్షల్లో 1.1 వంతు సాగుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర పీక్ దాదాపు 1.3 పికోమీటర్లు జరుగుతుంది. ఇంటరాగేటర్ 1 పికోమీటరే పసిగట్టగలిగితే మైక్రోన్యూటన్ల ఊసెత్తకండి. ఫైబర్‌కి 1 గ్రాము రాయి వేలాడదీస్తే సుమారు 13 పికోమీటర్లు కనిపించాలి. రాళ్లు ఎక్కిస్తూ, మళ్లీ దించుతూ చూడండి. దించాక పీక్ మొదటి చోటికి రాకపోతే ఫైబర్‌ని అంటించిన జిగురు జారుతున్నట్టే.

అసలు గొడవంతా వేడితోనే. 1 డిగ్రీ మారితే పీక్ 10 పికోమీటర్లు కదులుతుంది, అంటే లేని బలం 7 మిల్లీన్యూటన్లు ఉన్నట్టు చూపిస్తుంది. దగ్గరకు చెయ్యి పెట్టినా చాలు! అందుకే బలం పడని రెండో గ్రేటింగ్ పక్కనే ఉండాలి, దాని రీడింగ్ తీసేయాలి. అది లేని సెట్‌కి మా మార్కులు సున్నా. ఉన్నా, ఆ రెండో గ్రేటింగ్‌ని రెండు వైపులా సెన్సర్ బిగించిన పలకకి అంటిస్తే పలక సాగినదంతా లెక్కలోకి వస్తుంది. వదులు గొట్టంలో ఒక కొస స్వేచ్ఛగా వదిలేయండి.

జిగురు గ్రేటింగ్ మీదకి పాకకూడదు. పాకితే పీక్ రెండుగా చీలుతుంది, సాఫ్ట్‌వేర్ ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి గెంతుతూ రీడింగ్ చెడగొడుతుంది. ఫైబర్ మీద ఉండే ఆక్రిలేట్ పూత మెల్లగా జారే రకం, అంటించేచోట ఒలిచేయండి. పాలిఇమైడ్ అయితే ఉంచేయొచ్చు. కొస ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌ని కొస నేరుగా ఉండే నీలం పీసీకి బిగించకండి, వెలుతురు పోవడమే కాక చివరలు కూడా దెబ్బతింటాయి.

ఫైబర్‌ని 40 మైక్రాన్లకు సన్నం చేస్తే స్పందన దాదాపు 10 రెట్లు పెరుగుతుంది. దానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. చర్మంలోంచి ఎముక దాకా దిగే సరుకది, ఆ గాయానికి వెంటనే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేకుండా సీసా మూత తీయొద్దు. సన్నబడ్డ ఫైబర్ చిన్న గీతకే విరుగుతుంది కూడా.

నానోన్యూటన్లు కావాలంటే ఎఫ్‌బీజీ వదిలేసి ఫాబ్రీ-పెరో రకం తీసుకోండి, రెండు తలాల మధ్య ఖాళీ మారడాన్ని వెలుతురుతో కొలిచేది. ఫైబర్ కొస ముందు 0.1 న్యూటన్/మీటర్ బిరుసున్న కాంటిలీవర్ (ఒక కొస మాత్రమే బిగించిన సన్న పట్టీ) ఉంటే, అది 1 నానోమీటర్ వంగడానికి 0.1 నానోన్యూటన్ చాలు. కాకపోతే ఖాళీ మారేకొద్దీ వెలుతురు అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ అలనే ఫ్రింజ్ అంటారు. దాని నడిమధ్య వాలులోనే దీనికి చురుకు. ఫైబర్ కొసకీ కాంటిలీవర్‌కీ మధ్య ఖాళీ 200 నానోమీటర్లు మారితే చాలు, కొండ కొసకో లోయ అడుగుకో చేరి మొద్దుబారుతుంది. లేజర్ తరంగదైర్ఘ్యం మార్చి మళ్లీ మధ్యకి తెచ్చుకునే వీలుందో లేదో అమ్మేవాళ్లని ముందే అడగండి.